406 రోజులు లెక్కపెట్టిన టైపిస్టు గారికి

మా తమ్ముడు నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. వాడు అన్నం తిని పడుకున్నాడు గానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు కనుక, ఒళ్లు తూలుతున్నా, అమ్మ వద్దంటున్నా ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాస్తున్నాను. గంజాయి కేసులో వాడు చేసింది తప్పే. పడిన నాలుగేళ్ల శిక్షను మేము ఎన్నడూ ప్రశ్నించలేదు. తీర్పుకు ముందు రిమాండులో గడిపిన కాలాన్ని ఆ నాలుగేళ్లలో కలపమని మాత్రమే అడిగాం.

కింది కోర్టు ఆ దరఖాస్తును కొట్టివేసింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమైన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 32ఏ సెక్షన్ ప్రకారం ఈ కేసుల్లో శిక్ష తగ్గింపు కుదరదని రాశారు. ఆ మాట జైలు ములాఖత్ దగ్గర ఏ ఖైదీ తల్లి నోటనైనా వినవచ్చు కాబట్టి, మేమూ ఇక చేసేదేమీ లేదనుకున్నాం.

ఆ ఉత్తర్వును జిరాక్సు తీయించడానికి గుంటూరులో కోర్టు దగ్గరున్న ఒక టైపింగ్ షాపుకు వెళ్లాను. అక్కడున్నావిడకు యాభై అయిదేళ్లుంటాయేమో. కాగితం మీద స్కేలు పెట్టి, దాన్ని ఒక్కొక్క వరుసే కిందికి జరుపుతూ చదివి, “తగ్గించమన్నారా, కలపమన్నారా?” అని అడిగారు. నాకు తేడా తెలియలేదు. రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, ప్రభుత్వం ఇచ్చేదనీ, సెట్ ఆఫ్ అంటే అప్పటికే అనుభవించిన రోజులను శిక్షలో జమ వేయడమనీ, అది సీఆర్‌పీసీ (పాత నేర విచారణ స్మృతి) 428 సెక్షన్, అంటే దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 468 కింద వచ్చేదనీ, దానికి 32ఏ అడ్డం కాదనీ విడమరిచి చెప్పారు. తీర్పు కాపీ చివర రిమాండు రోజులు వేయాల్సిన గడి ఖాళీగా ఉంటే, దాని మీద వేలు పెట్టి చూపించారు. మేము డబ్బిచ్చి పెట్టుకున్న ఇద్దరు లాయర్ల చేతుల్లోంచి వచ్చిన కాపీ అది.

తరవాత అటక మీది పాత క్యాలెండర్లు దించి, పెన్సిలుతో ఒక్కొక్క తేదీ మీద చుక్క పెడుతూ లెక్కించసాగారు. మధ్యలో ఎవరో అఫిడవిట్ కోసం వచ్చి పలకరిస్తే లెక్క తప్పింది. విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 406 వచ్చింది. “ఇవి వాడు పడిన రోజులేనమ్మా, ఎవరినీ దేబిరించక్కర్లేదు” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపి, నన్ను చూడకుండా టైపు చేసుకుంటూ కూర్చున్నారు. జైల్లో ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారని చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ కూడా ఆవిడే కొట్టి ఇచ్చారు. తీసుకున్నది జిరాక్సుల డబ్బు 14 రూపాయలే.

నేలపాడులోని హైకోర్టులో మా అప్పీలు విచారణకు వచ్చిన రోజు వాదన పది నిమిషాలు కూడా సాగలేదు. ఆ పది నిమిషాల కోసం పదకొండు నెలలు వాయిదాలు తిరిగాం. సెట్ ఆఫ్ ఇమ్మని ఉత్తర్వు వచ్చాక కూడా కాపీ జైలుకు చేరడానికి 6 రోజులు పట్టింది. తీరా లెక్క చూస్తే వాడు అప్పటికే 19 రోజులు ఎక్కువ ఉన్నాడు. ఒక గడి నింపకపోయినందుకు పోయిన ఆ 19 రోజులను ఎవరి ఖాతాలో రాయాలో నాకు చెప్పేవారు లేరు.

బావ, అమ్మ, చిన్నాన్న చేసింది ఇంట్లో మనుషులు చేసేదే. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హైకోర్టులో వాదించిన ఉచిత లాయరు గారికి నమస్కారాలు; ఆయన పేరు ముందే రావలసింది, క్షమించాలి. తుళ్లూరు నుంచి డబ్బు తీసుకోకుండా దింపిన ఆటో అబ్బాయికీ, వాయిదా రోజుల్లో మా పాపను బడి నుంచి తెచ్చిన పక్కింటి పిన్నిగారికీ కూడా. అన్నట్టు, టైపిస్టు గారూ, మీ పెన్సిలు నా సంచీలోనే ఉండిపోయింది. సోమవారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఇస్తాను.