నాయన పెళ్లికి సాక్షి సంతకం

సంపాదకులకు,

పెద్ద వయసులో పెళ్లి చేసుకున్నవాళ్ల వార్తలను వింతల కింద వేయొద్దని అడగడానికే ఈ ఉత్తరం. పోయిన నెల మా నాయన పెళ్లికి సాక్షి సంతకం పెట్టాను. ఆయనకు 64. అమ్మ పోయి ఏడేళ్లు. నాయన చేసుకున్నామె కూడా భర్త పోయినావిడే. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులుండాలి. ఆ నెలంతా బంధువుల ఫోన్లతో టెన్షనే. వీరేశలింగం 1881లో చేయించిన వితంతు వివాహం గురించి బడిలో పాఠం చెప్పిన మా మామే 'పరువు పోతుందిరా' అన్నాడు! గుమాస్తా నన్ను చూసి 'పెళ్లికొడుకు మీరేనా?' అంటే నాయన సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గు నేనెప్పుడూ చూడలేదు. ఆమెను ఏమని పిలవాలో ఇంకా తేలలేదు. దేవుని కడప గుడికి పోయొచ్చాక ఆమె పెట్టిన రాగి సంగటి మాత్రం రెండు ముద్దలు తిన్నాను.

– ఒక కొడుకు, కడప