మైటు మాస్టారి మర్యాద

ప్రియమైన రాఘవా,

ఉభయ కుశలోపరి. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఎండలు ముదిరాక జవాబు రాస్తున్నందుకు నన్ను తిట్టుకో. నువ్వు తిట్టగలిగినవన్నీ నేను ముందే తిట్టుకున్నాను. అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది. తమ్ముడి స్థలం రిజిస్ట్రేషను అయింది. నా బదులు రావలసిన మనిషి ఇంకా ఓడ ఎక్కలేదు కనుక మరో రెండు నెలలు నాకు ఇక్కడే నూకలున్నాయి. కుశల సమాచారం ఇంతటితో సరి, ఎందుకంటే పదకొండు రోజులుగా నా గొంతుకు ఒక సంగతి అడ్డం పడి ఉంది. అది ఫోనులో టైపు చేసేది కాదు, ఈ ఓడలో ఎవరికీ నోరు విప్పి చెప్పగలిగేదీ కాదు. గోధుమలు దించడం ఈ రాత్రికి పూర్తవుతుంది. బయలుదేరే లోపు రాసి, రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంటు చేతిలో పెట్టాలి.

ఇంకో యాభై ఏళ్ళకు ఇంగ్లీషు కూడా లాటిన్ దారి పట్టి వాడుక తప్పుతుందనీ, చేతిలో యంత్రం అనువదించి పెడుతుంటే పరాయి భాష నేర్చుకునే కష్టం ఎవరు పడతారనీ రాసి, కిలో గొట్టం కాజా పందెం వేశావు కదా! న్యూటన్ 1687లో లాటిన్‌లో రాసినవాడే 1704 నాటికి కాంతి గురించి ఇంగ్లీషులో రాశాడని ఉదాహరణ కూడా ఇచ్చావు. ఆ మాట చదివినప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. అలాగని నువ్వు గెలిచావని కాదు, తొందరపడి కాజా కొనేయకు.

మా ఓడలో ఇరవై ఒక్కమందిమి ఉన్నాము. కెప్టెన్‌ది ఒడెస్సా. చుక్కాని పట్టేవాడు, వంటవాడు, ఇంకా సగం మంది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు. ఇంజిన్ గదిలో ఉక్రెయిన్ ఫిట్టరు ఒకడు, మన భీమిలి కుర్రవాడొకడు. రోజంతా మేము మాట్లాడేది ఇంగ్లీషే కాని, అమ్మ ఒడిలో ఇంగ్లీషు నేర్చుకున్నవాడు మాలో ఒక్కడూ లేడు. కెప్టెన్ ‘ద’ అనే మాటను ఒడెస్సాలోనే వదిలి వచ్చాడు. ఫిలిప్పీనో కుర్రవాడు లైటు వేయమనడానికి దాన్ని ‘ఓపెన్’ చేయమంటాడు. ‘హి గోస్’ అనవలసిన చోట ‘హి గో’ అనని మనిషి మాలో లేడు, నాతో సహా. మనకు బడిలో ఇంగ్లీషు చెప్పిన మైటు మాస్టారు వింటే తలుపు వేసుకుని ఏడుస్తారు. అయినా ఎనిమిది నెలలలో మాకు ఒక్క మాట తేడా రాలేదు.

దానికొక కారణముంది. సముద్రం మీద ప్రాణాలకు సంబంధించిన మాటలు ఎలా అనాలో రాసిపెట్టిన పుస్తకం ఉంది. 1990 ఏప్రిల్‌లో నార్వే నుంచి డెన్మార్కు వెళుతున్న స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడలో నిప్పు పుట్టి 159 మంది పోయారు. ఆ ఓడ సిబ్బందిలో చాలామంది పోర్చుగీసువాళ్ళు. దారి ఎటో చెప్పడానికి వాళ్ళకూ ప్రయాణికులకూ మధ్య సరైన భాష లేకపోయింది. ఇలాంటివి కొన్ని జరిగిన తరువాత, 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రామాణిక వాక్యాల పట్టికను ఖాయం చేసింది. చెప్పబోయేది ప్రశ్నా, ఆదేశమా, సలహానా, హెచ్చరికా అన్నది ముందు ఒక్క మాటలో చెప్పి, తరువాత అసలు విషయం చెప్పాలి. నూట యాభై అనకూడదు, ఒకటి, ఐదు, సున్న అని విడివిడిగా పలకాలి. ఇక నువ్వు కుర్చీలోంచి లేచే సంగతి ఏమిటంటే, అందులో ‘మే’, ‘మైట్’, ‘షుడ్’, ‘కుడ్’ నాలుగూ వాడకూడదని పేరు పెట్టి మరీ రాశారు! ‘మే ఐ’ అని అడగకూడదు, ‘ప్రశ్న: నాకు అనుమతి ఉందా?’ అని అడగాలి. మంచినీళ్ళకు వెళ్ళడానికి ‘మైట్ ఐ’ అనలేదని నిన్ను బెంచీ ఎక్కించి, గంట కొట్టేదాకా దింపని మహానుభావుడి మర్యాద అంతా సముద్రం మీద నిషిద్ధం.

అసలు సంగతికి వస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇంగ్లండులో ఒక నదీముఖం దగ్గర, పైలటు ఓడ ఎక్కాడు. పైలటంటే విమానం నడిపేవాడు కాదని నీకు పదిసార్లు చెప్పాను, రేవు దాకా దారి చూపే స్థానికుడు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఎర్రటి ముఖం, రాగానే అందరినీ పలకరించి టీ అడిగి, చుక్కాని దగ్గర కుర్రవాడి భుజం తట్టాడు. చాలా మంచివాడు, ఈ కథలో చెడ్డవాడంటూ లేకపోవడమే నా బాధ. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే పెరిగిన ఇంగ్లీషు ఆయనది, సగం మాటలు ముక్కులో, సగం మాటలు టీ కప్పులో. చుక్కాని తిప్పమన్నప్పుడు మాత్రం అంకెలతో స్పష్టంగా చెప్పేవాడు, కుర్రవాడు తిరిగి పలికేవాడు, అంతా సవ్యంగా నడిచింది.

ఒక వంపు తిరిగాక ఎడమ గట్టున జెట్టీకి కట్టి ఉన్న బార్జీలు, అంటే సరుకు మోసే చదును పడవలు, కనిపించాయి. మేము హాఫ్ ఎహెడ్‌లో, అంటే సగం వేగంతో పోతున్నాము. ఇంజిన్ వేగం మార్చే మీట, ఇంజిన్ టెలిగ్రాఫ్, దాని మీద చేయి నాది. పైలటు కిటికీలోంచి చూస్తూ, వాతావరణం గురించి మాట్లాడే గొంతుతోనే, ‘ఐ షుడంట్ లీవ్ ఇట్ టూ లాంగ్ బిఫోర్ కమింగ్ డౌన్ టు డెడ్ స్లో, క్యాప్’ అన్నాడు. డెడ్ స్లోకు, అంటే అతి తక్కువ వేగానికి, దిగడానికి ఇక ఆలస్యం చేయవద్దని దాని అర్థం. కెప్టెన్ చెవికి అందినవి రెండే ముక్కలు, ‘షుడ్ నాట్’, ‘డెడ్ స్లో’. అంటే వేగం తగ్గించవద్దని! ఆయన తల ఊపి, నా వైపు తిరిగి, ‘కీప్ హాఫ్ ఎహెడ్’ అన్నాడు. కెప్టెన్ తల ఊపాడు కనుక తన మాట అందిందనుకుని పైలటు టీ తాగుతున్నాడు.

నాకు అర్థమయింది, రాఘవా. ఈ కాగితం మీద నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క వాక్యమే. ‘ఐ షుడంట్’ అంటే ‘నేనైతే చేయను’ అనీ, ఇంగ్లీషువాడు అలా అంటే ‘నువ్వూ చేయకు’ అని చదువుకోవాలనీ మైటు మాస్టారు మనకు ఎన్నిసార్లు చెప్పారు! ఆ ఇరవై ఒక్కమందిలో ఆ మర్యాదను విప్పి చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చేయి టెలిగ్రాఫ్ మీదే ఉంది. నోరు తెరవలేదు.

ఎందుకని పదకొండు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. కెప్టెన్‌కు భయపడి కాదు, ఆయన అరిచే మనిషి కాడు. ఒక ఇంగ్లీషువాడి ఎదుట మా కెప్టెన్ ఇంగ్లీషును నేను దిద్దితే, పరాయివాడి ముందు మనవాడి పరువు తీసినట్టవుతుందనిపించింది. ఒడెస్సా మనిషి నాకు మనవాడు ఎప్పుడయ్యాడో, ఎలా అయ్యాడో తెలియదు. నలభై సెకన్లు పట్టి ఉంటుంది. పైలటు వేగం చూపే ముల్లు వైపు చూసి, కప్పు పడేసి, ‘డెడ్ స్లో ఎహెడ్!’ అని అరిచాడు. అది అందరికీ అర్థమయింది. అప్పటికే మా ఓడ లేపిన అల బార్జీల కిందికి చేరింది. ఒక బార్జీ జెట్టీ నుంచి పక్కకు లాగి, దాని తాడు తుపాకీ పేలినట్టు తెగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ తాడు ఎగిరిపడిన చోట రెండు నిమిషాల ముందు ఒక మనిషి కప్పు పట్టుకుని నిలబడి ఉండడం నేను నా కళ్ళతో చూశాను. అతను లోపలికి ఎందుకు వెళ్ళాడో ఆ దేవుడికే తెలియాలి.

మరునాడు విచారణకు ఒకాయన వచ్చాడు. కెప్టెన్ ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నాడు, ఏ పరీక్ష ప్యాసయ్యాడు, కాగితాలు ఏవి, అన్నీ అడిగి రాసుకున్నాడు. పైలటు ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నాడని మాత్రం అడగలేదు, తల్లి దగ్గర నేర్చుకున్నదానికి పరీక్ష ఎవరు పెడతారు? నిషేధించిన మాట వాడింది ఆయన. అర్థం చేసుకోలేదన్న తప్పు మా కెప్టెన్‌ది. నన్ను అడిగిన ప్రశ్నలకే జవాబులు రాశాను. ‘నీకు అర్థమయిందా?’ అన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు.

నీ లాటిన్ వాదం నాకు మింగుడుపడనిది ఇక్కడే. పుట్టుకతో మాట్లాడేవాళ్ళు అంటూ లేకుండా పోయాక కూడా లాటిన్ యూరపులో వెయ్యేళ్ళు నడిచింది. అందరూ బెత్తం దెబ్బలు తినే నేర్చుకున్నారు కనుక ఇది మా ఇంటి సొత్తని దబాయించేవాడు లేడు. ఇంగ్లీషుకు ఇంటివాళ్ళు ఉన్నారు. నేర్చుకున్నవాళ్ళ సంఖ్య వాళ్ళను ఏనాడో దాటిపోయింది, కాని ఆ సంగతి ఇంటివాళ్ళకు ఇంకా తెలిసినట్టు లేదు. బ్రిటన్ చిన్నదైపోతే ఇంగ్లీషూ చిన్నదైపోతుందని రాశావు. 2020 జనవరి 31న బ్రిటన్ యూరపు సమాఖ్య నుంచి బయటికి వెళ్ళిపోయింది. సమాఖ్యకు ఉన్న 24 అధికార భాషలలో ఇంగ్లీషు మాత్రం అక్కడే ఉండిపోయింది. మిగిలిన ఐర్లండు, మాల్టా కూడా తమ వంతుగా ఐరిష్‌నూ మాల్టీస్‌నూ చూపించాయి తప్ప ఇంగ్లీషును చూపించలేదు. అంటే మా ఇల్లని చెప్పుకునేవాడు లేని ఇంట్లో ఇంగ్లీషు కాపురముంటోంది. మా ఓడ కూడా అలాంటి ఇల్లే.

యంత్రాల సంగతి అంటావా? దానికీ నా దగ్గర జవాబుంది, ఇది మాత్రం నవ్వుకునే కథ. ఉక్రెయిన్ ఫిట్టరుకు ఇంగ్లీషు అంతంతమాత్రం, భీమిలి కుర్రవాడికి అంతకన్నా తక్కువ. ఇద్దరూ ఫోను మధ్యలో పెట్టుకుని పని చేస్తారు: ఫిట్టరు తన భాషలో చెబుతాడు, ఫోను తెలుగులో పలుకుతుంది. మొదటి వారం ఒకనాడు పంపు విప్పి కూర్చున్నప్పుడు ఆ ఫోను ఎంతో వినయంగా, ‘దయచేసి పెద్ద గింజను బిగించండి’ అంది. కుర్రవాడు తెల్లబోయి, ‘ఏ గింజ సార్, పనసగింజా?’ అని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాడు అన్నది నట్టు గురించి! ఉక్రెయిన్ భాషలో నట్టుకు ఉన్న మాటకూ తినే గింజకు ఉన్న మాటకూ పోలికే లేదు, మన తెలుగులోనూ లేదు. ఆ రెండింటికీ ఒకే మాట ఉన్నది ఇంగ్లీషులో. ఫోను ఉక్రెయిన్ నుంచి తిన్నగా తెలుగుకు రాలేదు, మధ్యలో ఇంగ్లీషు సత్రంలో ఒక రాత్రి పడుకుని వచ్చింది. నోట్లోంచి ఇంగ్లీషు పోతుందన్నావు, ఒప్పుకుంటాను. యంత్రం కడుపులో అది కూర్చుని ఉంది కదా, దాని సంగతేమిటి? నేను గెలిచానని ఇక్కడ రాయబోయాను, కాని అంతటితో ఆగలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ ఫోను అక్కరలేదు. ఫిట్టరు ‘గింజా!’ అని అరుస్తాడు, కుర్రవాడు నట్టు అందిస్తాడు. ఇది ఎవరి భాష అంటావు?

మీ తాతగారు కాకినాడ రేవులో కళాసీ కదా, ఆయన ఉంటే అడగవలసింది. కళాసీ, సరంగు, లంగరు, చుక్కాని, వీటిలో ఏదీ మనది కాదు. అన్నీ అరబ్బీ, పారశీకం నుంచి ఓడల మీద దిగినవే. ఒకప్పుడు మన సముద్రంలో ఓడల భాష అదే, ఎంతగానంటే నావికుల హిందుస్తానీ తెలియక తెల్లదొరలు తిప్పలు పడుతుంటే 1811లో థామస్ రోబక్ అనే ఆయన కలకత్తాలో వాళ్ళకోసం నిఘంటువు వేశాడు. అప్పుడు మన మాట వాళ్ళు బట్టీ పట్టారు. ఆ భాష ఓడ దిగిపోయింది, సామాను మాత్రం మన జాలర్ల ఇళ్ళలో వదిలిపోయింది. ప్రాణం మీదికి వస్తే రేడియోలో మేము అరిచే ‘మేడే’ కూడా ఇంగ్లీషు కాదు. 1923లో క్రాయ్‌డన్ విమానాశ్రయపు రేడియో అధికారి, పారిస్ వైపు రాకపోకలు ఎక్కువ కనుక, ‘నాకు సాయం చేయండి’ అనే ఫ్రెంచి మాటను అలా తిప్పి పెట్టాడు. ప్రాణాపాయంలో ఇంగ్లీషువాడూ ఫ్రెంచిలోనే ఏడవాలి! ఇంగ్లీషు దిగిపోయేనాటికి ఏయే పెట్టెలు వదిలిపోతుందో మరి. డెడ్ స్లో ఉంటుందని నా నమ్మకం, షుడంట్ ఉండదు. గింజ ఉన్నా ఆశ్చర్యపోను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర కెప్టెన్ ఎప్పుడూ లేనిది నన్ను ఒక మాట అడిగాడు. ‘షుడంట్’కు ‘షుడ్ నాట్’కు తేడా ఉందా అని. లేదన్నాను. అది నిజమే. నిజం చెప్పి కూడా అబద్ధమాడినట్టు అనిపించడం నాకు మొదటిసారి. ఆయనకు చెప్పాలా? చెబితే నాకు బరువు దిగుతుంది, ఆయనకు ఎక్కుతుంది. నువ్వు తిన్నగా చెప్పు, మైటు మాస్టారి మర్యాదలు పెట్టకుండా...

కింద ఏజెంటు కారు ఆగింది. ఈ రాత్రి మమ్మల్ని బయటికి తీసుకువెళ్ళడానికి వచ్చే పైలటు పేరు ఇప్పుడే బోర్డు మీద రాశారు, ఆయనే. ఈసారి ఆయన ‘ఐ షుడంట్’ అంటే, ‘పైలట్, ఇది ఆదేశమా, సలహానా?’ అని అందరి ముందూ అడగాలనుకుంటున్నాను. అడిగినదీ లేనిదీ వచ్చే రేవు నుంచి రాస్తాను. ఏజెంటు మెట్లెక్కుతున్నాడు, కవరు మీద నీ ఇంటి నంబరు ఇంకా

నీ
బెంచీ మీద రెండోవాడు