తమ్ముడూ, పేషెంటు ముందే ఫోను తీసి చూడు

లీడ్స్ (బ్రిటన్) నుంచి

తమ్ముడూ,

ఓపీలో ఎవరో పెద్దాయన "ఈ డాక్టరయ్యకు ఏం తెల్దు, సెల్లు చూసి మందు రాస్తుండాడు" అన్నాడంట కదా, అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నువ్వు పక్క గదిలోకి పోయి ఫోను చూసుకొచ్చి రాస్తున్నావని కూడా చెప్పింది. అట్లా దాక్కుని చూడొద్దు రా. చూడటం మానేయడం అంతకంటే పెద్ద తప్పు. ఇక్కడ మా ఆసుపత్రిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న కన్సల్టెంట్లు, అంటే పెద్ద డాక్టర్లు కూడా పేషెంటు మంచం పక్కనే నిలబడి ఫోనులో డోసు చూసి రాస్తారు, దాన్ని ఎవరూ తక్కువతనంగా అనుకోరు, పైగా చూడకుండా రాసేవాళ్లంటేనే నర్సులకు టెన్షన్. నువ్వు చేయాల్సిందల్లా ఏం చూస్తున్నావో నోటితో చెప్పడం. "పెద్దాయనా, నువ్వు వాడే బీపీ మాత్రకూ ఇప్పుడు నేను రాసేదానికీ పడుతుందో లేదో చూస్తుండా" అను, కావాలంటే స్క్రీను అటు తిప్పి చూపించు. ఆదోని పక్క జనం నోరు గట్టిదే గానీ, తమ కోసం ఒక మనిషి జాగ్రత్త పడుతున్నాడంటే ఇట్టే కనిపెడతారు.

ఇదేం కొత్తగా వచ్చిన అలవాటు కాదు. అమెరికాలో 1998లో ఎపోక్రటీస్ అనే కంపెనీ మొదలైంది, అప్పట్లో స్మార్ట్‌ఫోన్లు ఎక్కడివి, పామ్ అనే అరచేతి కంప్యూటర్లలో మందుల సమాచారం పెట్టి డాక్టర్ల జేబుల్లోకి పంపారు. బ్రిటన్‌లో 1949 నుంచి బీఎన్‌ఎఫ్ అనే మందుల వివరాల పుస్తకం ఉంది, ఏడాదికి రెండుసార్లు కొత్తది అచ్చవుతుంది, పిల్లల మందులకు 2005 నుంచి వేరే పుస్తకం. ఇప్పుడు ఆ రెండూ ఒకే యాప్‌లో ఉన్నాయి, సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది. 104 బండిలో ఊర్లకు పోయినప్పుడు నీకు కావాల్సిందీ ఇదే, నెట్ లేకుండా పనిచేసేది. ఏ యాప్ పెట్టుకున్నా ముందు ఆ సంగతి చూసుకో, అప్‌డేట్ మాత్రం ఇంట్లో వైఫై ఉన్నప్పుడు చేసి పెట్టుకో.

కానీ అసలు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టింది వేరే దానికి. ఇక్కడి యాప్ తీసుకొచ్చి మన ఓపీ బల్ల మీద పెడితే సగం పనే అవుతుంది. ఇక్కడ మందుల చీటీ మీద ఎక్కువగా మందు అసలు పేరే ఉంటుంది, మాత్రకు ఒక మందు. మన దగ్గర అంతా కంపెనీ పేర్లు, పైగా ఒక్క మాత్రలో రెండు మూడు మందులు కలిసుంటాయి. జెనరిక్ పేర్లే, అంటే మందు అసలు పేర్లే రాయాలని 2023 ఆగస్టులో నిబంధన వచ్చి అదే నెలలో ఆగిపోయింది. సుగ్గికి, అంటే వలస కూలి పనులకు, గుంటూరు పక్క పోయొచ్చినవాళ్లు అక్కడి డాక్టరు ఇచ్చిన స్ట్రిప్పు కొంగులో ముడేసుకుని వస్తారు, దాని మీదున్న బ్రాండు పేరు ఈ బ్రిటన్ యాప్‌కు ఏం తెలుస్తుంది? కాబట్టి స్ట్రిప్పు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఒక్కొక్కటీ చదువు, వాటిని విడివిడిగా వెతుకు. మోకాళ్ల నొప్పులకని వాడేది చాలాసార్లు అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర. అది వాడే మనిషికే జ్వరమొస్తే నువ్వు డోలో 650 రాస్తావు, అంటే పారాసిటమాల్ రెండు దారుల్లో లోపలికి పోతుంది. బీపీకి టెల్మిసార్టన్ కూడా వాడుతుంటే, ఆ అసిక్లోఫెనాక్ కిడ్నీ మీద ఇంకో భారం. టెనెలిగ్లిప్టిన్ మన దగ్గర షుగరు వాళ్లకు విరివిగా రాస్తారు కదా, అది బ్రిటన్‌లో అమ్మరు కాబట్టి బీఎన్‌ఎఫ్‌లో వెతికినా దొరకదు. దొరకలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. అలాంటి మందుల పుస్తకమే మన దేశానిది నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా ఉంది, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వేస్తుంది, 2021లో ఆరో ఎడిషన్ వచ్చింది. అది పీహెచ్‌సీలో బల్ల మీద ఉండేట్టు చూడు.

ఇంకొకటి, లెక్క. అరికాళ్లు మంటలని వచ్చే షుగరు ముసలమ్మలు నీ ఓపీలో రోజూ ఉంటారు. డెబ్బై ఏళ్లు, 42 కేజీలు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.2 అనుకో. ల్యాబు కాగితం మీద అది కొంచెం ఎక్కువన్నట్టో, దాదాపు మామూలుగా ఉన్నట్టో కనిపిస్తుంది, చూసి పక్కన పెట్టేస్తాం. వయసు, బరువు కలిపి వేసే కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ లెక్క వేసి చూడు, క్లియరెన్స్, అంటే కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేసే వేగం, నిమిషానికి 29 మిల్లీలీటర్లే వస్తుంది. అలాంటి మనిషికి నరాల మంటకిచ్చే ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాస్తే 150 మిల్లీగ్రాములు, అది ఆమె కిడ్నీ తట్టుకునే పై హద్దు. మొదలుపెట్టాల్సిందేమో రోజుకు 25 నుంచి 50. రాత్రి బాత్‌రూముకు లేచి కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత ఆమె గతి నీకు తెలుసు. ఈ లెక్క ఫోను వేసేస్తుంది, కానీ బరువు నువ్వు చూడాలి. అందాజాగా యాభై వేయొద్దు, బరువు మిషను ఎక్కించు. అట్లాగే యూనిట్లు. ఇక్కడ క్రియాటినిన్‌ను మైక్రోమోల్స్‌లో కొలుస్తారు, మన మిల్లీగ్రాముల లెక్కలో 1.2 అంటే ఇక్కడి లెక్కలో 106. గడిలో ఏ యూనిట్ అడుగుతోందో చూడకుండా అంకె కొడితే వచ్చే జవాబు ఎందుకూ పనికిరాదు.

పిల్లల సిరప్‌ల దగ్గరైతే నాకు నిజంగా భయం. పది కేజీల పాపకు జ్వరం, పారాసిటమాల్ కేజీకి 15 చొప్పున 150 మిల్లీగ్రాములు అని ఫోను చెప్తుంది. మిల్లీగ్రాములు చెప్తుంది గానీ, ఆ తల్లి చేతిలో ఉన్న సీసా ఏదో దానికి తెలీదు కదా. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే ఆరు మిల్లీల పైచిలుకు పోయాలి. 5 మిల్లీలో 250 ఉన్నదైతే 3 మిల్లీలు. డ్రాప్స్ అయితే ఒక్క మిల్లీలోనే 100 ఉంటుంది, అంటే ఒకటిన్నర చాలు. పోయినసారి డాక్టరు ఆరు మిల్లీలు పోయమన్నాడు కదా అని ఆమె ఈసారి డ్రాప్స్ సీసాలోంచి ఆరు పోసిందంటే 600, నాలుగింతలు. సీసా తెమ్మను, లేబుల్ మీద వేలు పెట్టి చూపించు, సిరంజి మీద ఎంతవరకు లాగాలో పెన్నుతో గీత గీసి పంపు. రోజుకు నాలుగుసార్లకు మించి వద్దని, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఆగమని ఆమె చేతే తిరిగి చెప్పించు.

టీబీ మందులు మొదలుపెట్టిన ప్రతి షుగరు పేషెంటుకూ ఇంటరాక్షన్లు, అంటే ఒక మందు ఇంకో మందు మీద చూపే ప్రభావం, చూడు. టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ రక్తంలో తగ్గిపోతుంది, షుగరు పెరుగుతుంది, మనం మాత్ర డోసు పెంచుతాం. ఆరు నెలలకు టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక అదే పెంచిన డోసు షుగర్‌ను పడగొడుతుంది. మొదలుపెట్టే రోజు అందరూ చూస్తారు, ఆపే రోజు ఎవరూ చూడరు, నువ్వు చూడు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే వాళ్లకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసేముందు కూడా ఆగు, రక్తం మరీ పలచబడుతుంది.

యాప్‌లో ఎర్ర హెచ్చరికలు చాలా వస్తాయి. అన్నిటికీ భయపడితే ఓపీ నడవదు, అన్నిటినీ కొట్టిపారేస్తే ప్రాణాల మీదికొస్తుంది. బీఎన్‌ఎఫ్‌లో తీవ్రత ఎంతో, ఆధారం ఏమిటో పక్కనే రాస్తారు, అధ్యయనాల్లో తేలిందా, లేక సిద్ధాంతపరంగా ఊహించిందా అని. తీవ్రం అన్న ప్రతిదీ పూర్తిగా చదువు. చాట్‌బాట్‌ను అడిగి డోసు రాయడం మాత్రం వద్దు తమ్ముడూ, ఎంత ధైర్యంగా జవాబు చెప్పినా ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పటిదో తెలియనప్పుడు మనిషికి మందు రాయలేం.

ఇక్కడ నాకున్న వసతి నీకు లేదు, అది నాకు తెలుసు. నేను రాసింది మా వార్డు ఫార్మసిస్టు మళ్లీ చూస్తుంది, ఏదైనా తేడా ఉంటే ఆకుపచ్చ సిరాతో పక్కన రాసి నన్ను పిలుస్తుంది. నీకు మధ్యాహ్నం లోపల నూరుమంది పైనే, నీ తర్వాత చూసేవాళ్లు లేరు. అందుకే అంటున్నా, అందరికీ అన్నీ చూడలేకపోయినా చంటిపిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బున్న వాళ్లకు, ఐదు మాత్రల పైన వాడే పెద్దవాళ్లకు చూడకుండా రాయకు. మీ పీహెచ్‌సీ ఫార్మసిస్టును కూడా కలుపుకో, స్టాకులో ఉన్న సిరప్‌ల బలాలు ఒక కాగితం మీద రాయించి నీ బల్ల అద్దం కింద పెట్టుకో. మందు పడక ఏదైనా జరిగితే 1800-180-3024కి ఫోను చేసి చెప్పు, దుష్ప్రభావాలు నమోదు చేసే లైను అది, ఊరి డాక్టర్లు చెప్పకపోతే ఊరి మనుషుల లెక్క ఎక్కడా ఎక్కదు.

నాయన మందుల స్ట్రిప్పులన్నీ ఈ ఆదివారం వెనక వైపు కనపడేట్టు ఫోటోలు తీసి పంపు, కర్నూలులో చేయించిన క్రియాటినిన్ రిపోర్టు కూడా. ఆయన బరువు పాతది చెప్పకు, కొత్తగా చూసి రాయి. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్ర ఒకటి అలమారలో ఉందని అమ్మ అంటోంది, దాని ఫోటో ముందు పంపు.

మీ అక్క