పిట్ట కన్నా పురుగే బరువు

ఒరేయ్ రాజా,

నీ ఉత్తరం అందింది. పిట్టను మించిన పురుగు ఉంటుందా అని అడిగావు. ఉంటుందిరా! ప్రపంచంలోకెల్లా చిన్న పిట్ట క్యూబాలోని బీ హమ్మింగ్‌బర్డ్. మగది ముక్కు కొస నుంచి తోక దాకా 5.5 సెంటీమీటర్లు, బరువు 2 గ్రాములకు కాస్త తక్కువ. ఆడది కొంచెం పెద్దది, 2.6 గ్రాములు. ఆఫ్రికా అడవుల్లో తిరిగే గోలియత్ పెంకుపురుగుల్లో పెద్ద మగవి 10 సెంటీమీటర్లు దాటతాయి. బాగా బలిసిన లార్వా (గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగు) అయితే 100 గ్రాముల దాకా తూగుతుంది. యాభై పిట్టల బరువన్నమాట!

నాకు మాత్రం సైజు కన్నా వాటి తిండి లెక్కే అబ్బురం. పిట్టది ఏ పూటకాపూట బతుకు. సెకనుకు దాదాపు 80 సార్లు రెక్కలాడిస్తూ గాలిలో ఒకేచోట నిలబడి పూలలోని మకరందం తాగుతుంది. రెక్క కిందికి కొట్టినప్పుడే కాదు, పైకి లేపినప్పుడూ ఒంటిని మోస్తుంది. ఇలా గాలిలో నిలబడటానికి చాలా ఇంధనం ఖర్చు. రాత్రి తిండి దొరకదు కాబట్టి హమ్మింగ్‌బర్డ్‌లు ఒళ్లు చల్లబరుచుకుని, గుండె వేగం తగ్గించుకుని తెల్లవారేదాకా నెట్టుకొస్తాయి.

పురుగు అలా కాదు. దాని పెరుగుదలంతా లార్వాగా ఉన్నప్పుడే. రెక్కలొచ్చాక ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. అందుకే పెంచేవాళ్లు జాగ్రత్తపడేది లార్వా తిండి విషయంలోనే. కుళ్లిన ఆకులొక్కటే పెడితే చాలదు, మాంసకృత్తులు కావాలి. అందుకని కుక్కలకు పెట్టే పెల్లెట్లు వేస్తారు. తినగా మిగిలినవి బూజు పట్టకముందే తీసెయ్యాలి. డబ్బాకి ఒక్కటే ఉండాలి, రెండుంటే ఒకదాన్నొకటి కొరికేస్తాయి. ఎదగడం పూర్తయ్యాక లార్వా తిండి మానేసి, గూడు కట్టే చోటు కోసం అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు తేమ మట్టిని గట్టిగా అదిమి ఇవ్వాలి. వదులు మట్టిలో గూడు నిలవదు. గూడు కట్టాక కదిపారో, లోపల రెక్కల పురుగుగా మారుతున్న ప్యూపా పోయినట్టే.

ఎగరడంలోనూ దీనిదో విశేషం. చాలా పెంకుపురుగులు పైపెంకులు రెండూ విప్పి ఎగురుతాయి. ఇది మూసే ఉంచి, పక్కనున్న సందులోంచి లోపలి రెక్కలు చాపుతుంది. అన్నట్టు, మన వేరుశనగ చేలల్లో వేళ్లు కొరికే వేరుపురుగుదీ ఈ గోలియత్ కుటుంబమే.

మీ పెరట్లో మందారం మీద చూసింది తేనెపిట్ట అయ్యుంటుంది. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. డల్లాస్‌లో మీ అన్నయ్య ఆ పిట్టలకు తీపినీళ్లు పెట్టే ఫీడర్ కడతానన్నాడుగా, చెప్పు: ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు. రంగు వద్దు, తేనెటీగల తేనె అసలొద్దు, బూజు పడుతుంది. ఎండాకాలం రెండ్రోజులకోసారి కడిగి మార్చమను.

నీ
శీను