శనివారం రాత్రి శనిని చూశాను

ఒరేయ్,

ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొన్న శనివారం రాత్రి శనిని చూశాను, నా కళ్ళతో! నవ్వకు, జాతకం సంగతి కాదు.

ఖగోళ క్లబ్బు వాళ్ళు మైదానంలో టెలిస్కోపులు పెట్టి, ఎవరైనా రావచ్చన్నారు. పది మంది వస్తారేమో అనుకుని వెళ్తే తిరనాళ్ళలా ఉంది. చంకలో పిల్లలతో తల్లులు, చేతికర్రలతో పెద్దవాళ్ళు, ఫోన్లు పైకెత్తిన కాలేజీ కుర్రాళ్ళు. 2022లో జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు ఫోటోలు వచ్చినప్పటి నుంచీ ఆకాశమంటే అందరికీ రంగుల మబ్బులే. నా ముందున్న కుర్రాడు ఐపీస్‌లోకి, అదే, కన్ను ఆనించే కటకంలోకి చూసి "ఇంతేనా?" అన్నాడు.

తర్వాత నా వంతు. శని అగ్గిపుల్ల తలంత కూడా లేడు రా. పసుపచ్చగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు వణుకుతూ, మధ్యలో గుండుసూది గుచ్చినట్టు వలయం. అంతే. కానీ ఆ వెలుగు అక్కడ బయల్దేరి సుమారు గంటా పావు ప్రయాణం చేసి, మధ్యలో ఏ స్క్రీనూ లేకుండా, తిన్నగా నా కంట్లో పడింది. ఆ ఆనందంలో ఐపీస్‌ని చేత్తో పట్టుకున్నాను. శని మాయం! వెనక నలభై మంది. నాకు చెమటలు పట్టాయి. టెలిస్కోపాయన ఏమీ అనకుండా గొట్టాన్ని కాస్త జరిపి మళ్ళీ పట్టేశాడు. పట్టుకోకపోయినా అది నిలవదట, భూమి తిరుగుతుంది కదా, నిమిషానికోసారి సర్దుతూనే ఉండాలి.

వలయం అంత సన్నగా ఉండటానికీ కారణం ఉంది. 2025 మార్చిలో అది అంచు మనవైపు తిప్పింది, ఇప్పుడిప్పుడే మళ్ళీ విచ్చుకుంటోంది. 1610లో శనికి అటూ ఇటూ ఏవో ఉన్నాయని చూసిన గెలీలియో, 1612లో ఇలాగే వలయం అంచు తిరగడంతో అవి కనబడక తల పట్టుకున్నాడు, పాపం. అది వలయమని హైగెన్స్ అనే డచ్ శాస్త్రవేత్త 1659లో గానీ చెప్పలేదు.

నాకు శనిని చూపించినాయన టెలిస్కోపు ప్లైవుడ్ పెట్టె మీద ఫిరంగిలా తిరిగేది, జాన్ డాబ్సన్ పేరు మీద దాన్ని డాబ్సోనియన్ అంటారు. ఈ డాబ్సన్ శాన్ ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ సన్యాసి, తెలుసా? ఓడ కిటికీల అద్దాలు అరగదీసి దర్పణాలు చేసేవాడు. 1967లో మఠం నుంచి బయటికొచ్చాక, ఫుట్‌పాత్ మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్ళని పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. నాకు గెలీలియో కంటే ఈయనే నచ్చాడు.

చంద్రుడా? అర్ధచంద్రుడప్పుడే చూడాలి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడతాయి. పున్నమినాడు నీడలుండవు, అంతా చదునే.

అర్ధరాత్రి దాటాక జనం పలచబడ్డారు, చంద్రుడూ దిగిపోయాడు. ఓరియన్ అనే నక్షత్ర మండలంలో, బెల్టులా వరసగా ఉండే మూడు నక్షత్రాల కింది నెబ్యులా, అంటే వాయువూ ధూళీ కలిసిన మేఘం, చూపించారు. తిన్నగా చూస్తే పలచన, కాస్త పక్కకి చూస్తే విచ్చుకున్న పొగలా ఉంది. కళ్ళు చీకటికి అలవాటుపడటానికి అరగంట పడుతుంది. సరిగ్గా అప్పుడే ఎవడో ఫోన్ టార్చ్ వేశాడు! కొట్టాలనిపించింది.

వచ్చే నెల మళ్ళీ ఉంది, పిల్లల్ని తీసుకుని రా. ఫోన్ తీశావో, నేనే లాక్కుంటా.

మిగతాది క్యూలో నిలబడ్డప్పుడు మాట్లాడుకుందాం.

నీ,
నేనే