డ్యూటీ చార్టు నీ చేతికొచ్చిందిగా

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో సగం మాటలు మీ ఇంట్లో మిక్సీ మోతకే పోయాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ల్యాబ్‌కి సూపర్‌వైజరువయ్యావో లేదో, ముగ్గురు మూడు కోరికలతో వచ్చారన్నావు. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే చర్చికి వెళ్లే ఒకామె శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దు గూకేదాకా పనిచేయనంటోంది. ఒకబ్బాయికి శుక్రవారం జుమ్మా నమాజుకి వెళ్లాలి. ఇంకొకాయన సర్దార్జీ, గడ్డం తీయడు కాబట్టి టీబీ శాంపిళ్ల గదిలో వేసుకోవాల్సిన ఎన్95 మాస్కు ముఖానికి సరిగా పట్టదు. ఇవి చాలనట్టు, ‘అన్నీ వాళ్లకేనా?’ అని పక్కనుంచి గొణుగుడు ఒకటి.

మీ అమెరికా చట్టాల సంగతి హెచ్‌ఆర్ వాళ్లు చెబుతారు. చార్టు వేయడం మాత్రం నాకు తెలుసు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా నేను ఎక్కువ తిట్లు తిన్నది ఆ కాగితం గురించే. మా సిస్టర్లలో సగం మందికి ఆదివారం పొద్దున చర్చి. శ్రావణ మాసం వస్తే మిగతా సగానికి శుక్రవారాలు కావాలి. రంజాన్‌లో ఆయా సాయంత్రానికి ఇల్లు చేరాలి. కార్తీకంలో ఎంఎన్‌ఓల్లో, అంటే వార్డులో పనిచేసే మగ నర్సింగ్ ఆర్డర్లీల్లో, ఎవరో ఒకరు మాల వేసుకుంటారు. రోగులకి ఇవేవీ పట్టవు, బెడ్లు ఎప్పుడూ నిండే ఉంటాయి.

ముందుగా ఒకటి. ఆమెకి భక్తి ఎంతుందో కొలిచే పని నెత్తిన వేసుకోకు. ‘పోయిన శనివారం షాపింగ్‌లో కనిపించిందిగా’ అని ఎవరైనా వచ్చి చెబుతారు, చూడు, ఎక్కడైనా ఇలాంటి మనిషి ఒకరుంటారు. చెవిన పెట్టకు. నువ్వు చూడాల్సింది ఆ గంటల్లో మెషీన్ల దగ్గర ఎవరుంటారు, ఆ మనిషికి ఆ పని వచ్చా అని.

మాల వేసుకున్న ఎంఎన్‌ఓ ఒకసారి వార్డులో చెప్పుల్లేకుండా తిరిగాడు. నల్లబట్టలతో నాకేం పేచీ లేదు, పైన ఏప్రాన్ వేసుకుంటే సరిపోతుంది. గడ్డంతోనూ లేదు. కానీ నేల మీద రక్తం ఉంటుంది, వాడిన సూదులుంటాయి. ‘స్వామీ, వార్డు గుమ్మం దాటితే చెప్పులు వేసుకోవాలి, బయటికెళ్లాక మీ ఇష్టం’ అన్నాను. వాళ్ల గురుస్వామిని అడిగి మర్నాడు సరేనన్నాడు. దీక్ష మొత్తాన్నీ ఎందుకని అడిగితే గొడవయ్యేది. ఒక్క పాదాల సంగతే మాట్లాడాను కాబట్టి అక్కడితో అయిపోయింది. మీ సర్దార్జీ విషయమూ అంతే. గడ్డం జోలికి పోకుండా మాస్కు సంగతి చూడు. తలంతా కప్పేసి మోటారుతో శుభ్రమైన గాలి పంపే హుడ్డు ఉంటుందని నువ్వే అన్నావు. ఖరీదే కావచ్చు. అంత పెద్ద ఆసుపత్రి ఒక్క హుడ్డు కొనలేదా?

నువ్వు చెప్పిన పోస్టుమ్యాన్ కేసు గురించి చదివాను. గెరాల్డ్ గ్రాఫ్, మీ పెన్సిల్వేనియావాడే. ఆదివారం దేవుడి రోజు, అమెజాన్ పార్సిళ్లు ఆ రోజు కూడా పంచాలంటే కుదరదన్నాడు, చివరికి 2019లో ఉద్యోగమే వదిలేశాడు. 2023 జూన్‌లో మీ సుప్రీం కోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా తీర్పిచ్చారు. అదే కోర్టు 1977లో ఇచ్చిన హార్డిసన్ తీర్పు పేరు చెప్పి, మతం కోసం అడిగిన వెసులుబాటుకి ఏ చిన్న ఖర్చయినా యజమాని కాదనొచ్చని అన్నాళ్లూ చెల్లిపోయింది. ఇప్పుడలా కుదరదు, ఆ వ్యాపారానికి నిజంగా గట్టి భారమే పడుతుందని చూపించాలి. తోటివాళ్లకి ఆ మతమంటే చిరాకు అన్నది భారం కింద లెక్కకే రాదట. అది చదివి నాకు సంతోషమేసింది. అలాగని అడిగినవన్నీ ఇచ్చి తీరాలనీ ఆ తీర్పు అనలేదు. గ్రాఫ్ రాని ఆదివారాలు ఆ పార్సిళ్లు వేరేవాళ్లు మోశారు కదా, వాళ్ల మీద పడ్డ పని వల్ల ఆఫీసు నడవడమే కష్టమైతే అదీ చూడాల్సిందేనట.

నీకు అసలు చిక్కు అక్కడే వస్తుంది. మన రెండు ప్రభుత్వాలూ రంజాన్‌లో ముస్లిం ఉద్యోగుల్ని గంట ముందు ఇంటికి పంపుతాయి. సెక్రటేరియట్‌లో ఫైలు రేపటిదాకా ఆగుతుంది, వార్డులో సెలైన్ ఆగదు. ఆయా ముందు వెళ్లిందంటే ఆ గంట ఇంకో ఆయా నిలబడాలి. అది ప్రతిసారీ ఒకరి మీదే పడుతుంటే, ఆ మనిషి కోపం నీ మీద కాక ఆ నమాజు మీదికి పోతుంది. నేనైతే ఇలా వేరేవాళ్ల బదులు నిలబడ్డవాళ్లకి క్రిస్మస్సో సంక్రాంతో ఆఫ్ ముందే రాసిపెట్టేదాన్ని. మ్యూచువల్, అంటే డ్యూటీలు ఒకరికొకరు మార్చుకుంటామంటే ఇద్దరి సంతకాలూ తీసుకునేదాన్ని. నోటిమాట మీద వదిలేస్తే మొహమాటస్తులు నలిగిపోతారు.

మా వార్డులో ఒక నాస్తికురాలు ఉండేది. విజయవాడ నాస్తిక కేంద్రం మీటింగులకి వెళ్లే కుటుంబం. దేవుడు లేడంటుంది కాబట్టి పండగ డ్యూటీలన్నీ ఆమెకే అని నేను రాకముందు నుంచీ అందరికీ అలవాటైపోయింది. సంక్రాంతి ఆమెదే, క్రిస్మస్ ఆమెదే, రంజాన్ కూడా ఆమెదే! ‘దేవుడు లేకపోయినా నాకు పిల్లలున్నారు సిస్టర్, వాళ్లకి సెలవులున్నాయి’ అంది ఒకరోజు. గవర్నమెంటులో ఆప్షనల్ హాలిడేలు ఐదు ఉంటాయిగా, ఏ మతం వాళ్లయినా ఆ లిస్టులోంచి ఏవైనా తీసుకోవచ్చు. అందులోంచి సంక్రాంతి పక్క రోజులు ఆమెకి ఇచ్చాను. నమ్మకం లేనివాళ్లకీ మీ చట్టంలో రక్షణ ఉందని విన్నాను. నీ దగ్గర గొణుగుతున్నది ఎవరో ఓసారి చూడు. వాళ్లూ ఇలాంటి వాళ్లేనేమో.

శనివారం ఆమెకి ఒకే రూలు ఏడాదంతా పనికిరాదు. మీ దగ్గర డిసెంబరులో నాలుగున్నర దాటగానే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే. ఎండాకాలం శుక్రవారం పొద్దు గూకేలోపు ముగిసే సాయంత్రం షిఫ్టు ఆమె హాయిగా చేయగలదు, చలికాలంలోనే కుదరదు. సూర్యాస్తమయం టైములు పక్కన పెట్టుకుని చార్టు వెయ్యి. వాళ్ల చర్చి వాళ్లకి ఆ క్యాలెండరు కంఠతా వచ్చు, ఆమెనే అడిగినా చెబుతుంది. బదులుగా ఆదివారాలు ఆమె చేస్తానంటే అంతకన్నా ఏం కావాలి? జుమ్మాది ఇంకా తేలిక, ఆ అబ్బాయి లంచ్ టైము జరిపితే చాలు.

దీపావళిని మీ రాష్ట్రంలో 2024లో అధికారిక పండగగా చట్టం చేశారు కానీ, సెలవివ్వాలన్న నిర్బంధం లేదు. నీకు కావాల్సిన ఆఫ్ కూడా అందరిలాగే ముందు అడిగి రాసుకో. సూపర్‌వైజరు కదా అని చివర్లో పెట్టుకోకు, మొదట్లోనూ వద్దు. ల్యాబ్‌కి స్వీట్లు తీసుకెళ్తే తీసుకెళ్లు, కానీ ప్రసాదం అని చెప్పి చేతిలో పెట్టకు. కొంతమంది ప్రసాదం తినరు. పెట్టేది బాస్ అయితే వద్దని చెప్పలేరు పాపం.

డిసెంబరు చార్టు వేసే ముందు అందర్నీ ఒకేసారి, ఏ రోజులు రాలేరో కాగితం మీద రాసిమ్మను. ఎందుకని అడక్కు. రాసినవి ఎదురుగా పెట్టుకుని నాకు వీడియో కాల్ చెయ్యి, ఇద్దరం కలిసి వేద్దాం. ఆ చతురస్రాల కాగితం చూసి చాలా రోజులైంది, నాకూ సరదాగా ఉంది.

అమ్మ