జీఎస్టీ టిప్పు కాదండీ!

సంపాదకులు గారికి,

మా పదో తరగతి బ్యాచ్‌లో ఆరుగురం నెలకోసారి కలిసి భోంచేస్తాం. కోనసీమ నుంచి ముగ్గురం, రాజమండ్రి నుంచి ఇద్దరు, తణుకు నుంచి ఒకడు. అందరికీ మధ్యలో పడుతుందని మొన్న ఆదివారం రావులపాలెంలో హైవే పక్కన ఒక హోటల్లో కూర్చున్నాం.

వడ్డించిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. మావాళ్లలో ఇద్దరికి షుగరు, ఒకడికి బీపీ. ఒకడికి పులుసులో ఉప్పు ఎక్కువైంది, ఇంకొకడికి వేపుడులో కారం చాల్లేదు. పాపం, నాలుగుసార్లు వంటింటికి తిరిగాడు. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు.

బిల్లు 2,520 రూపాయలు. ఒకడు ఫోన్‌తో కట్టేశాడు. మిగతా ఐదుగురం తలా 420 వాడికి అక్కడికక్కడే పంపేశాం. ఆ కుర్రాడు సోంపు పళ్లెం పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. నేను వంద నోటు తీస్తే పక్కవాడు చెయ్యి పట్టుకుని, "అందులోనే వేసేశార్రా, చూడు" అంటూ బిల్లు మీద వేలు పెట్టాడు. చూస్తే రెండు అరవైలు. సీజీఎస్టీ 60, ఎస్‌జీఎస్టీ 60. వాడు రిటైరైన లెక్కల మాస్టారండీ! అందుకే ఈ ఉత్తరం రాయాల్సివచ్చింది.

ఆ 120 పోయేది కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. వడ్డించినవాడికి అందులో పైసా రాదు. అది నాకు తెలుసు. తెలిసీ నలుగురిలో వాదన ఎందుకని నోట్ మడిచి జేబులో పెట్టేసుకున్నాను. బస్సు కొత్తపేట దాటినా ఆ సోంపు పళ్లెమే కళ్ల ముందు ఆడింది.

నేనూ 1981లో ఇంటర్ చదువుతూ రాజమండ్రిలో ఒక టిఫిన్ హోటల్లో పొద్దుటిపూట సర్వర్‌గా చేశాను. పెసరట్టు ఉప్మా తిన్నవాళ్లు పావలా ఇచ్చేవారు. కొందరు చేతికివ్వడం చిన్నతనమనుకుని స్టీలు గ్లాసు కింద పెట్టి వెళ్లేవారు. దాంతో ఆ పావలా వడ్డించిన నాకు కాక, బల్ల తుడిచే కుర్రాడికి దొరికేది. వాడికీ నాకూ రోజూ తగువే. చివరికి ఓనరు కౌంటర్ మీద ఒక డబ్బా పెట్టి, రాత్రి అందరికీ సమానంగా పంచేవారు. గ్లాసులు కడిగేవాడిక్కూడా వాటా ఉండేది. మొదట్లో నాకది అన్యాయమనిపించింది గానీ, తగువులు ఆగిపోయాయి.

అలాగని అడక్కుండా గుంజుకుంటే ఊరుకోమని కాదు. ఆమధ్య కాకినాడలో ఒకచోట మా బిల్లులో పది శాతం సర్వీస్ చార్జ్ వాళ్లంతట వాళ్లే కలిపేశారు. అలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమని అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మేం అడిగితే మేనేజర్ కిక్కురుమనకుండా తీసేశాడు. ఆ మిగిలిన డబ్బులోంచి సర్వర్‌కి ఎంతో కొంత ఇద్దామని మాత్రం మాలో ఒక్కడికీ తోచలేదు!

ఇదివరకు చిల్లర తిరిగొచ్చేది, అందులోంచి పళ్లెంలో ఏదో ఒకటి మిగిలేది. ఇప్పుడు ఫోన్‌లో రూపాయితో సహా తెగిపోతుంది. పైగా ఆరుగురుంటే ప్రతివాడూ ఇంకొకడు ఇచ్చుంటాడులే అనుకుంటాడు. మీద పడి ఇచ్చేవాణ్ణి "గొప్పలకు పోతున్నాడు" అంటారు. అందుకని మా గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఇకమీదట వాటాలు వేసేటప్పుడే తలా ఇరవై కలుపుదాం, 420 అయితే 440 అనుకుందాం, ఆ 120 రూపాయలూ నోట్లుగా కుర్రాడి చేతికే ఇద్దాం అని. ప్రభుత్వానికెంతో అతనికీ అంతే. నలుగురు సరేనన్నారు. లెక్కల మాస్టారు ఒక దణ్ణం బొమ్మ పెట్టాడు. అది ఒప్పుకోవడమో, వదిలెయ్యమనడమో ఇంకా తేలలేదు.

ఆ వంద మాత్రం పర్సులో విడిగానే దాచాను. వచ్చే నెలా రావులపాలెమే అనుకున్నాం. హోటల్ కుర్రాళ్లు ఒకచోట ఎక్కువకాలం ఉండరు కదండీ, అప్పటికి అతనక్కడ ఉంటాడో లేదో అనే నా టెన్షన్.

ఇట్లు,
పోస్టాఫీసులో రిటైరైన ఒక పాఠకుడు,
అంబాజీపేట.